అమ్మ చిట్టి టమాటా

అరసవల్లి
రథసప్తమి ఎల్లిన నాలుగో నాడు

అప్పా,

పిడకలు బాగానే ఉన్నాయి. వాన పడనేదు, తడవనేదు, ఎలకలు కూడా ముట్టనేదు. గోడకి ఎలగున్నవి అలగే ఉన్నాయి.

ఫోన్ సేస్తే ఎత్తనేదని కోపం పడకు. ఎత్తితే నాకు మాట రాదు. నువ్వు హలో హలో అంటావు, నేను ఇక్కడ దిమ్మలాగ నిలబడి ఉంటాను. అందుకే ఇలగ వాట్సాప్‌లో కొడతన్నాను. నువ్వు సెప్పినట్టే పైన ఊరు పేరు, కింద నా పేరు, ఉత్తరంలాగ పెట్టినాను. ఎనిమిదిలో బడి మానీసినోడి రాత ఇది, తప్పులుంటే నువ్వే సరి సేసుకొని సదువుకో.

పెరట్లో మొక్కలు ఎండిపోనాయి. కార్తీకంలో అమ్మ పోయిన కాడి నుంచి ఎవులమూ నీళ్ళు పొయ్యనేదు గదా. ఆకరి గుత్తులు పిట్టలు తినీసాయి. అమ్మ పాతిన ఎదురుకర్రలు అలగే ఉన్నాయి, కట్టిన తాళ్ళు ఊగుతన్నాయి. నాన్న పెరటి తలుపు తియ్యడం మానీసాడు. తానం వీధి కుళాయి కాడే. అన్నం కూడా బయటే ఎక్కడో తినీసి వస్తన్నాడు. ఇంట్లో నేనే వండుకుంతన్నాను, నేనే తింతన్నాను.

అంతే. ఇంకేటీ నేదు.

భరణి

*

విజయనగరం
గురువారం

ఒరే తమ్ముడూ,

పిడకల మాట నేనెప్పుడు అడిగానురా? తిన్నావా, నాన్న ఎలా ఉన్నాడు అని కదా మెసేజ్ పెట్టాను. నువ్వేమో పిడకలు తడవలేదు, ఎలకలు ముట్టలేదు అంటావు. నీ బుర్ర నీదే.

అయినా మంచి మాటే గుర్తు చేశావు. నాకు అమ్మ టమాటా విత్తనాలు కావాలి. మా చీరల కొట్టు మేడ మీద పాత పెయింటు డబ్బాలు ఆరు ఉన్నాయి. అడుగున చిల్లులు పెట్టించాను. కూరగాయల తొక్కలు కుళ్ళబెట్టి ఎరువు చేస్తున్నాను. ఓనరు గారి భార్య సరేనంది. ఇక్కడ బజార్లో టమాటాలు చూస్తే కళ్ళకి బాగుంటాయి, నోట్లో పెట్టుకుంటే నీళ్ళు. అమ్మవి గోళీకాయంతే గాని ఒక్కటి కొరికితే దవడ దగ్గర పులుపు లాగేది. పండినా తొడిమ దగ్గర పచ్చ వదిలేది కాదు. గుర్తుందా, లెక్కపెట్టి తినమని మన ఇద్దరికీ చెరో గుత్తి ఇచ్చేది.

శ్రీకూర్మంలో అమ్మమ్మ లక్ష్మీనరసమ్మ ఇచ్చిన విత్తనం అది. పెళ్ళయి వస్తూ అమ్మ కొంగున ముడేసుకొచ్చిందట. ఏ కొట్లోనూ దొరకదు. ఒక్క మందు చుక్క ఎరగని విత్తు. ఇప్పుడు మన గోడ మీద తప్ప ఎక్కడా లేదు.

ఎక్కడుంటాయో నీకు తెలుసుగా? పెరటి గోడ పైవరస చూడు. మామూలు పిడకల మీద అయిదు వేళ్ళ అచ్చూ ఉంటుంది. నాలుగు పిడకల మీద మాత్రం బొటనవేలు అచ్చు ఒక్కటే. అవే విత్తనాల పిడకలు. పచ్చిగా ఉన్నప్పుడే అమ్మ గింజలు అందులో నొక్కేది, పురుగు పట్టకుండా. ఒకటి మెల్లిగా విరిచి, గింజలు తీసి పంపు. మిగతావి కదపకు.

మీ అప్ప,
రేఖ

*

అరసవల్లి
శనివారం

అప్పా,

ఇత్తనాలు పంపినాను. మన వీధి ఈశ్వర్ మావ కూరగాయల వేను ఏసుకొని విజయనగరం వస్తన్నాడు. నీ కొట్టు కాడ ఇచ్చీమన్నాను. కాగితంలో సుట్టినాను, బూడిద రాసి ఉంటాది, దులపకు.

ఎన్ని మొలుస్తాయో సెప్పనేను. మొలవకపోతే నన్ననకు.

భరణి

*

విజయనగరం
ఫాల్గుణం, సోమవారం

తమ్ముడూ,

అందాయి. ఈశ్వర్ మావ కొట్లోకి రావడానికి మొహమాటపడి మెట్ల కిందే నిలబడ్డాడు. వరసకి మనకి మావే, అయినా అంత మొహమాటం.

డబ్బాకి అయిదు చొప్పున వేశాను. ఆరో రోజుకి మట్టి పగిలింది. ఇప్పుడు పద్దెనిమిది మొక్కలు, నాలుగేసి ఆకులు. పొద్దున్నే కొట్టు తెరవకముందు మేడెక్కి చూసి వస్తాను. నాతో పనిచేసే సింధూరి నవ్వుతుంది, పిల్లలకి పాలు పట్టి వచ్చావా అని.

రెండింటికి ఆకు ముడుచుకుంటోంది. అమ్మ ఏం చేసేదిరా? నాకు గుర్తులేదు. నేను బడికి పోయేదాన్ని, నువ్వే ఆవిడ వెనకాల తిరిగేవాడివి.

రేఖ

*

అరసవల్లి
మంగళవారం

అప్పా,

ఆకుముడత అంటే తెల్లదోమ. ఆకు తిరగేసి సూడు, కింద పిండి సల్లినట్టు ఉంటాది. కంగారు పడకు.

పుల్లమజ్జిగ నాలుగు రోజులు కుండలో ఉంచు, కంపు కొట్టాల. కొట్టకపోతే పని సెయ్యదు. ఒక గ్లాసు మజ్జిగకి పది గ్లాసులు నీళ్ళు. సిటికెడు ఇంగువ నూరి కలుపు. సాయంత్రం ఎండ దిగినాక సల్లు, ఎండలో సల్లితే ఆకు మాడిపోద్ది. అమ్మ సీపురు పుల్లలతో సల్లీది, నువ్వు కూడా అలగే సెయ్యి, పంపు కొనకు. బాగా ముడుసుకున్న ఆకు తుంపి దూరంగా పారీ. అక్కడే పడీకు, మళ్ళీ ఎక్కీస్తాది.

మోకాలంత ఎత్తు వచ్చినాక పక్క పిలకలు గిల్లీ. అమ్మ గోరుతో గిల్లీది. కత్తి పెట్టీది కాదు. గిల్లినాక ఏళ్ళు పచ్చగా అయిపోతాయి, సబ్బుకి పోవు, ఆ సేతులతోనే మనకి అన్నం కలిపితే నువ్వు కంపు అని లేచి ఎల్లిపోయీదానివి. నేను తినీసీవోడిని. పూత వచ్చినప్పుడు నీళ్ళు తగ్గించు. ఎక్కువ పోస్తే పూత రాలిపోద్ది. పొద్దున పూట కర్రని మెల్లిగా ఒక దెబ్బ కొట్టు, పూలు ఊగాల. అమ్మ అలగ కొట్టి "లెగండమ్మా లెగండి" అనీది.

సానా రాసీసినాను. ఇన్ని మాటలు నేను ఎప్పుడు ఎవులితో అన్నాను?

కాయ కాసినాక ఎలగున్నాదో సెప్పు. సెప్పకపోయినా పరవానేదు.

భరణి

*

విజయనగరం
వైశాఖం, ఆదివారం

తమ్ముడూ,

కాశాయిరా.

మజ్జిగ కంపుకి సింధూరి మేడ మీదకి రావడం మానేసింది గాని, ముడత పోయింది. పిలకలు గోరుతోనే గిల్లాను. పొద్దున్నే కర్ర కొట్టాను. నువ్వు చెప్పిందల్లా చేశాను.

నిన్న మొదటి గుత్తి కోశాను. పదమూడు కాయలు. అమ్మవే. అదే గోళీకాయంత సైజు, అదే నారింజ రంగు, తొడిమ దగ్గర అదే పచ్చ. ఒకటి నోట్లో వేసుకున్నాను. దవడ దగ్గర లాగింది. మేడ మీదే కూచుని ఏడ్చానురా, ఆరవేసిన దుప్పటి వెనకాల.

నీ చేతి విత్తనం మంచిది. అమ్మ పోయినా అమ్మ టమాటా పోలేదు. నాన్నకి చెప్పు.

రేఖ

*

అరసవల్లి
బుధవారం

అప్పా,

నాన్నకి సెప్పనేదు. సెప్పనేను.

మూడు రోజుల నుంచి నీ మెసేజే సూస్తన్నాను. గోళీకాయంత అన్నావు. తొడిమ కాడ పచ్చ అన్నావు.

అవి అమ్మ ఇత్తనాలు కావు అప్పా.

నేను శ్రీకాకుళంలో ఇత్తనాల కొట్లో కొన్నాను. పేకెట్ మీద బొమ్మలో కోడిగుడ్డంత కాయ ఉన్నాది. గింజలకి గులాబీ రంగు మందు పూసి ఉన్నాది. తొట్టిలో ఏసి నాలుగు నీళ్ళు కడిగినాను. రంగు పోయినాక ఆరబెట్టి, బూడిద రాసి నీకు పంపినాను.

అమ్మవి నేవు. రథసప్తమి నాడే పోనాయి.

ఆ పొద్దు మన వీధంతా జనం. మనకి ఏటిసూతకం గదా, పండగ పొయ్యి ఎలిగించనేదు, నేను అరుగు మీద కూకున్నాను. బొబ్బిలి పక్క నుంచి వచ్చినోళ్ళు, ముసలామె, ఇద్దరు కోడళ్ళు, వీధి సివర రాళ్ళు పెట్టుకున్నారు. సూర్యనారాయణస్వామికి పిడకల మీద పరమాన్నం వండాల గదా, ఆళ్ళు తెచ్చుకున్నవి మంచుకి మెత్తబడిపోనాయట. ముసలామె మన సందులోంచి పెరట్లోకి తొంగి సూసినాది. "బాబూ, నాలుగు పిడకలు ఇచ్చీ నాయినా, పున్నెం ఉంటాది. ఆ పైవి బాగా ఎండినాయి, అవి ఇయ్యి" అన్నాది.

నాకు కాదనడం రాదు, నీకు తెలుసు గదా. ఎవులైనా నా మొకంలోకి సూసి అడిగితే నేను తలొంచుకొని సేసీస్తాను. తలొంచుకొని నిచ్చెన ఏసినాను. తలొంచుకొని తీసిచ్చినాను. పిడక వంక సూడనే సూడనేదు.

ఆమె పొయ్యిలో పేర్చినాక సూసినాను. నాలుగింటి మీద ఒక్కొక్క బొటనేలు. అమ్మ ఏలు. కప్పరం పెట్టి ఎలిగించినాది. ఆ ఏలి గుంట ముందర ఎర్రగా అయినాది, తరవాత తెల్లగా అయినాది. అప్పుడైనా ఆపండి అనొచ్చు గదా. అననేదు. నోట్లోంచి మాట రానేదు. పాలు పొంగినాయని కోడళ్ళు సప్పట్లు కొట్టినారు. సిక్కుడాకులో పరమాన్నం పెట్టి నాకు ఇచ్చినారు. తిన్నాను. ఎలగున్నాది బాబూ అంటే బాగున్నాది అన్నాను. ఆ మాట మాత్రం వచ్చినాది.

ఆళ్ళు ఎల్లినాక బూడిద తట్టలోకి ఎత్తి తెచ్చి జల్లెడ పట్టినాను. ఒక్క గింజా మిగలనేదు. నీకు పంపిన గింజలకి రాసింది ఆ బూడిదే.

నీకు పంపినాక శ్రీకూర్మం ఎల్నాను, సైకిల్ మీద. దానమ్మ పెద్దమ్మ కాడ ఉంటాయేమోనని. అమ్మమ్మ పోయినాక ఆ పెరట్లో గేదెల పాక ఏసీసారట. "మీ అమ్మ కాడ ఉన్నాయి గదా అని మేమెవులమూ దాసుకోనేదురా" అన్నాది. నేను అక్కడ కూడా ఏటీ సెప్పనేదు. మంచినీళ్ళు తాగి వచ్చీసినాను.

మరి నువ్వు తిన్నదేటి అప్పా? కోడిగుడ్డంత కాయలు కాసే మొక్కకి గోళీకాయంతవి ఎలగ కాసినాయి?

భరణి

*

విజయనగరం
శుక్రవారం

తమ్ముడూ,

నేనేమీ తినలేదు.

మొక్కల్లేవు. డబ్బాల్లేవు. మేడ మీదకి మమ్మల్ని రానివ్వరు, అక్కడ ఓనరు వాళ్ళ వంటగది. నేనూ సింధూరీ ఇంకో ఇద్దరం కొట్టు వెనకాల గోడౌన్లో పడుకుంటాం. కిటికీ లేదు. ఏదో ఒక చోట పెట్టుకోవచ్చులే అనుకుని అడిగాను నిన్ను, నిజంగానే అడిగాను. డబ్బాల సంగతి మాత్రం నువ్వు బెంగ పెట్టుకోకూడదని రాశాను.

నీ పొట్లం వచ్చినరోజు నా చేతులు చెమట పట్టి ఉన్నాయి. విప్పితే బూడిద తడిసింది. తడిసినచోట కాగితం గులాబీ రంగుకి తిరిగింది. చీరల కొట్లో పనిచేస్తాను, రంగు దిగితే నాకు తెలియదా? అప్పుడే అర్థమైంది, గోడ మీద ఏదో అయిందని. మొదటి ఉత్తరంలో నేను అడక్కుండానే పిడకలు బాగున్నాయన్నప్పుడే అనుమానించాల్సింది.

అడుగుదామనుకున్నాను. అడిగితే నువ్వు రాయడం మానేస్తావు. అందుకే ఆకు ముడుచుకుంది అని అబద్ధం రాశాను, చూద్దాం ఏమంటాడో అని. నువ్వు అంత పొడుగు ఉత్తరం రాశావు. మజ్జిగ, ఇంగువ, చీపురు పుల్లలు, లెగండమ్మా లెగండి. అమ్మ పోయాక నీ నోట అన్ని మాటలు రావడం అదే. గోడౌన్లో బల్బు కింద నలభై సార్లు చదివాను. చదువుతుంటే మొక్కలు ఉన్నట్టే ఉండేది. ఆపాలనిపించలేదు. అలాగే కాయ కాయించేశాను.

నీ మీద నాకు కోపం లేదు. అమ్మ పిడక మీద స్వామికి పాలు పొంగాయి, ఆవిడ ఏమీ అనుకోదు. అనుకోదని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఒక్కొక్క రోజు అనుకుంటుందేమో అనిపిస్తుంది. అబద్ధం ఎందుకు రాయాలి.

ఇంకొకటుంది. నువ్వు నీ తప్పు చెప్పాక నేను దాచుకుంటే బాగోదు.

పెద్దకర్మ అయిన మర్నాడు నేను విజయనగరం బస్సెక్కేటప్పుడు వంటింట్లోంచి ఒక స్టీలు డబ్బా పట్టుకొచ్చేశాను. అమ్మ ఆ ముందు ఎండాకాలం పెట్టిన టమాటా వొరుగులు. చిట్టి టమాటాలు రెండుగా కోసి, ఉప్పద్ది, డాబా మీద ఎండబెట్టినవి. ఇంట్లో ఎవరినీ అడగలేదు. నీకైనా చెప్పలేదు. ఒకటే ఆశ, అమ్మ చేత్తో చేసిన తిండి ఇంక అదొక్కటే మిగిలింది, నాకే కావాలనిపించింది. వండుకోలేదు. పడుకునే ముందు మూత తీసి వాసన చూసి మళ్ళీ పెట్టేదాన్ని. నీ అబద్ధాన్ని పట్టుకుని కూచున్నాను గాని, నా పెట్టెలో దొంగసొత్తు పెట్టుకునే కూచున్నాను.

రెండు గుప్పెళ్ళు ఉంటాయి. అడ్డంగా కోసినా గింజలు లోపలే ఉంటాయి కదా. ఉప్పు తగిలిన గింజ మొలుస్తుందో లేదో నాకు తెలీదు. అమ్మకైతే తెలిసుండేది. ఈశ్వర్ మావ వేనులో పంపుతున్నాను. పిలకలు గిల్లే నీ చేతికే ఏదైనా తెలియాలి.

ఒక్క వొరుగైనా నా దగ్గర ఉంచుకోలేదు. చూసుకో.

రేఖ

*

అరసవల్లి
ఆషాఢం, ఆదివారం

అప్పా,

డబ్బా అంది ఇరవై రోజులైపోనాది. ఇన్నాళ్ళు రాయనేదని తిట్టుకొని ఉంటావు. ఏదైనా మొలిస్తే రాద్దామని ఆగినాను.

మొలవనేదు. సగం వొరుగులు నానబెట్టినాను. ఉప్పు దిగీదాక నీళ్ళు మార్చినాను, ఏడు సార్లు. గింజలు ఏలితో మెల్లిగా ఒత్తి తీసినాను. కొన్ని నల్లగా ఉన్నాయి, కొన్ని బాగున్నట్టే ఉన్నాయి. కొబ్బరి సిప్పల్లో మట్టి, పాత పేడ కలిపి ఏసినాను. నాలుగో నాడు తేమ సూసినాను. ఎనిమిదో నాడు మట్టి తిరగేసినాను. పన్నెండో నాటికి కుళ్ళిపోనాయి, పట్టుకుంటే జారిపోతన్నాయి. ఇత్తనాల కొట్టాయనకి ఒకటి తీసుకెళ్ళి సూపించినాను. నోరు తెరిచి అడిగినాను అప్పా, నేనే. ఆయన నవ్వీసాడు. "ఉప్పులో ఊరింది ఎక్కడైనా మొలుస్తాదేట్రా, ఎండకి లోపల గింజ ఉడికిపోయి ఉంటాది" అన్నాడు. దానమ్మ పెద్దమ్మకి ఫోన్ సేస్తే, "మీ అమ్మ ఉప్పు సానా తక్కువ అద్దీది, కొన్నింటికి అసలు తగలకుండా ఎండబెట్టీది. వందకి ఒకటి మొలిసినా మొలుస్తాది, ఎవులు సూసినారు" అన్నాది. ఇద్దర్లో ఎవులి మాట నమ్మాలో నాకు తెలీదు.

ఇంక ఒక గుప్పెడే ఉన్నాయి.

ఇవాళ అవి కూడా నానబెడదామని పొద్దున గిన్నెలో పోసి మూత తీసి ఉంచినాను. వాన మొదలైపోనాది, పెరట్లో మట్టి మెత్తగా ఉన్నాది, ఇదే అదును. ఈలోపు నాన్న వచ్చాడు. గుమ్మం కాడే ఆగిపోనాడు. "ఇదేట్రా వాసన" అన్నాడు. నేను గిన్నె సూపించినాను. ఒకటి తీసి ఏళ్ళ మధ్య తిప్పి సూసినాడు. "ఇవి ఎక్కడివి" అంటే, అప్ప పంపినాది అన్నాను. తిట్టనేదు. నిన్ను కూడా ఏటీ అననేదు. పెరటి తలుపు తీసినాడు, మెట్టు మీద కూకున్నాడు. ఏడు నెలల తరవాత.

అక్కడి నుంచే అన్నాడు, "పప్పులో ఏసీరా. ఒక్క పూట ఇంట్లో తింతాను."

మామూలుగా అయితే తలొంచుకొని ఏసీసీవోడిని. ఇవాళ మాత్రం, "ఉండు నాన్నా, అప్పని అడగాల" అన్నాను. ఆయన నా వంక సూసినాడు. "అడుగు" అన్నాడు. అంతే.

సగం ఆయనకి, సగం మట్టికి పెడదామని సూసినాను. సగం ఏస్తే పప్పుకి రుచి అంటదు. ఇటు సూస్తే పోయినసారి అంతకంటే ఎక్కువ పెట్టినా ఒక్కటీ రానేదు. వీటిలో ఒక్కటి మొలిస్తే అమ్మది మళ్ళీ ఉంటాది, పైయేటికి అందరికీ పంచొచ్చు. మొలవకపోతే నాన్నకి ఆ ఒక్క పూటా నేదు, మనకి అదీ నేదు.

పప్పు ఉడుకుతన్నాది. నాన్న కంచం కడిగి తెచ్చుకొని ఎదురుగా కూకున్నాడు, గిన్నె వంకే సూస్తన్నాడు. నువ్వు కొట్లో ఉంటావు, ఫోన్ సూసుకోవని తెలుసు. అయినా అడగతన్నాను.

పప్పులో ఏసీమంటావా అప్పా, మట్టిలో ఏసీమంటావా?